బావి కుండ కాదు

మా ఇంటి వెనుక బావి ఎండిపోయిన మొదటి ఏడాది నేను పెద్దగా పట్టించుకోలేదు. ఎండాకాలం నీళ్లు కిందికి పోవడం, వానలు పడితే పైకి రావడం నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నదే. రెండో ఏడాది వానలు బాగా పడ్డాయి. పత్తి చేన్లు మురిగిపోయేంత పడ్డాయి. అయినా బావి అడుగున బురద తప్ప ఏమీ లేదు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. మా ఆయనకు మాత్రం భయం కాదు, పంతం పట్టుకుంది.

మాది కమాన్‌పూర్ దిక్కు ఊరు. ఇంటి వెనుక పెరడు, పెరడు దాటితే చేను, చేను దాటితే ఓపెన్‌కాస్ట్ గనిలోంచి తీసిన మట్టి గుట్టలు. ఆ గుట్టల అవతల గొయ్యి. అక్కడ బ్లాస్టింగ్ పెట్టినప్పుడు మా అటక మీది గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. గొయ్యిలో ఊరే నీళ్లను పంపులతో తోడి వాగులోకి వదులుతారు. నడి ఎండాకాలంలో కూడా ఆ వాగు పారుతుంది. మా ఊరి వాళ్లు చాలాకాలం అది చూసి సంతోషపడ్డారు.

మా ఆయన భూమి లోపలి గనిలో పంపు డ్యూటీ చేసి రిటైర్ అయ్యాడు. బొగ్గు తవ్వే చోట నీళ్లు ఊరుతూనే ఉంటాయట. అవి వాలుకు జారి ఒక గుంటలో చేరతాయి. ఆ గుంట పక్కన కూర్చుని, పంపు ఆగకుండా చూస్తూ, నీళ్లను పైకి పంపడమే ఆయన పని. బొగ్గు పొర వాలే దిక్కును గనివాళ్లు డిప్పు అంటారు. ఆయన నోట ఆ మాట లేని రోజు నాకు గుర్తు లేదు. ఇంట్లో దీపపు బుడ్డి ఒలికితే కూడా, "డిప్పు దిక్కు తుడువు, గటే పోయింది నూనె" అనేవాడు.

మాకు ఒక్కతే బిడ్డ. కాన్పుకు మా ఇంటికే వచ్చింది. మా దగ్గర బాలింత ఇరవై ఒకటో రోజున బావి దగ్గరికి పోతుంది. తలకు గుడ్డ చుట్టుకొని, బావి గట్టుకు పసుపు కుంకుమ పెట్టి, ఉడికించిన శనగల గుడాలు పంచి, తన చేత్తో ఒక బొక్కెన నీళ్లు చేది, ఆ నీళ్లతో ఇంట్లోకి వస్తుంది. ఆ తర్వాతే ఆమె మళ్లీ పొయ్యి ముట్టుకోవడం, కుండ ఎత్తడం. నేను ఈ బావిలోనే చేదాను. నా బిడ్డ ఈ బావిలోనే చేదింది. తన పాప ఇంకా పరుగెత్తడం నేర్వక ముందే నా బిడ్డ జ్వరంతో పోయింది. ఆ పాపను మేమే పెంచాం. పెళ్లి చేసి బసంత్‌నగర్‌కు ఇచ్చాం. నేను చెప్పే ఏడాది ఆ మనవరాలు కడుపుతో ఉంది.

"దాని తల్లి చేదిన బాయిలనే అది చేదాలె," అన్నాడు ఆయన ఒకరోజు, బావి గట్టు మీద కూర్చొని. "నీళ్లు తెస్త."

"ఎక్కడి నుంచి తెస్తవు? సంతల అమ్ముతున్నరా?" అన్నాను.

"కిందనే ఉన్నయి. ఏడికి పోతయే? ఇంత రాయిల నీళ్లు లేకుండ ఉంటదా?"

ఆయన లెక్క ఇది. గనిలో నీళ్లు ఎప్పుడూ డిప్పు దిక్కే చేరతాయి. ఆ సంగతి పని చేసినన్ని ఏండ్లూ కండ్లారా చూశాడు. కాబట్టి బావిలో నీళ్లు కూడా డిప్పు దిక్కే దాక్కొని ఉంటాయి. బావి అడుగు నుంచి అటు సొరంగం కొట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట అందుతాయి. నీళ్లు కూడా బొగ్గు లాగే పొరలో పడుకొని ఉంటాయని ఆయన నమ్మకం.

ఆ పనికి ఒక తోడు దొరికాడు. గోదావరిఖనిలో మోటార్లు బాగుచేసే ముసలాయన, ఆయనతో కలిసి గనిలో పనిచేసినవాడు, ఇంట్లో ఉర్దూ, మా దగ్గర మా మాట. నన్ను వదినా అంటాడు. పొద్దున్నే స్కూటర్ మీద వచ్చి, గిరక దగ్గర నిలబడి, కింది నుంచి వచ్చే మట్టి తట్టలు పైకి లాగేవాడు.

"వదినా, గని అన్నను వదిలిపెట్టింది. అన్ననే గనిని వదుల్తలేడు," అని నవ్వేవాడు.

"నువ్వు వదిలినవా మరి? చాయ్ కోసం వస్తున్నవా, పని కోసం వస్తున్నవా?"

"చాయ్ కోసమైతే ఇక్కడికి రాను వదినా. మీ చాయ్‌ల శక్కర దూర్బీన్ పెట్టి చూసినా కనపడదు."

మట్టి మోయడం నా వంతు. ఆయన పాత హెల్మెట్ పెట్టుకొని, పాత బూట్లు తొడుక్కొని, షిఫ్టుకు పోయినట్టే పొద్దున గని సైరన్‌కు బావిలోకి దిగేవాడు. సొరంగం కప్పు కూలకుండా నిలబెట్టడానికి దుంగలు కావాలన్నాడు. పాత కొట్టం విప్పినప్పుడు నేను దాచిపెట్టిన టేకు దుంగలు ఉన్నాయి. అవి ఇవ్వనంటే ఇవ్వనన్నాను. రెండు రోజులు మాటలు లేవు. మూడో రోజు నేను పొలం నుంచి వచ్చేసరికి దుంగలు లేవు. గిన్నె కడిగి బోర్లించినట్టు ఆ మూల ఖాళీగా ఉంది. నేను అనాల్సినవన్నీ అన్నాను. బావిలోంచి ఆయన దగ్గు మాత్రం వినబడింది.

ఆ రోజుల్లోనే నీళ్ల లోతు కొలిచే ఆఫీసు నుంచి ఒక అమ్మాయి మా ఊరికి వచ్చేది. బడి పక్కన సర్కారు వేసిన సన్నటి బోరు ఒకటి ఉంది. దాంట్లో నీళ్లు తోడరు, కొలుస్తారంతే. ఆమె దాంట్లోకి ఒక టేపు వదిలేది. నీళ్లు తగలగానే ఆ టేపు పిట్ట కూసినట్టు కూసేది. ఒకరోజు ఎండకు తాళలేక మా ఇంటికి వచ్చి నీళ్లడిగింది. అప్పటికి మేం ట్యాంకర్ నీళ్లు పట్టి, పెరట్లో రేకుల కింద డ్రమ్ముల్లో దాచుకొని వాడుకుంటున్నాం.

"తాగినంతనే వంచుకో. గ్లాసుల మిగిలితే పారబొయ్యను, చెట్టుకు పోస్త," అన్నాను.

ఆమె నవ్వి, మొత్తం తాగి, గ్లాసు బోర్లించి చూపించింది. నాకు నచ్చింది. బావి చూస్తానంటే తీసుకుపోయాను. టేపు అడుగు దాకా వదిలింది. కూత రాలేదు.

"నీళ్లు లేవా బిడ్డ కింద?" అని అడిగాను.

"ఉన్నయి అవ్వా. కని మీ బాయి అడుగు కన్న కిందున్నయి." గట్టు మీద కూర్చొని చెప్పింది. "నేల కింద మడుగు ఉండదు, ఏరు పారదు. ఇక్కడంత ఇసుకరాయి. దాంట్ల కండ్లకు కనపడని సందులుంటయి. వాన నీళ్లు గా సందులల్లకు దిగుతయి. కింది సందులన్ని నిండి ఉంటయి, మీదివి ఖాళీగ ఉంటయి. నిండినదానికి, ఖాళీదానికి నడుమ అంచు ఉంటది సూడు, గదే నీటిమట్టం. బాయి గా అంచు దాటి దిగితే నీళ్లు కనపడ్తయి. అంచే బాయిని దాటి దిగిపోతే ఎండిందంటం."

"మరి వాన పడ్డది గదా?"

"పడ్డది, దిగింది. కని అక్కడ గొయ్యి తవ్వాలంటే నీళ్లు తోడుతనే ఉండాలె గద. తోడిన కాడ గా అంచు గుంతలెక్క వంగుతది. చుట్టుపక్కల రాయిల ఉన్న నీళ్లన్ని మెల్లగ గటే నడుస్తయి. మీ బాయివి గూడ."

ఆమె పోయాక నేను వంటింట్లోకి వచ్చాను. మాట వింటే నాకు సగమే తలకెక్కుతుంది, చేత్తో చూస్తే మొత్తం ఎక్కుతుంది. బడిలో కూడా అంతే ఉండేది, అందుకే మూడో తరగతి దాటలేదు. వెడల్పాటి గిన్నెలో శనగలు నానుతున్నాయి. ఒక అంచున శనగల్లోకి వేలు దించి తీశాను. ఆ రంధ్రంలో నీళ్లు నిలబడ్డాయి. అది మా బావి అనుకున్నాను. ఇంకో అంచున శనగలు పక్కకు నెట్టి, అడుగు దాకా గుంత చేసి, గరిటెతో నీళ్లు తోడాను. తోడుతుంటే ఇటు రంధ్రంలో నీళ్లు దిగడం మొదలైంది. దాన్ని నేను ముట్టలేదు. అయినా దిగింది. కొద్దిసేపటికి అది వట్టి రంధ్రం. శనగలు మాత్రం తడిగానే, ఏమీ జరగనట్టే ఉన్నాయి.

తోడిన నీళ్లు మళ్లీ గిన్నెలోనే పోశాను. చాలాసేపు పొయ్యి ముట్టించలేదు.

ఆయన తవ్వేది డిప్పు దిక్కు. డిప్పు దిక్కు అంటే గొయ్యి దిక్కు. అంటే అంచు ఎటు వంగి ఉందో అటే, నీళ్లు అన్నిటికన్నా లోతుకు పోయిన వైపే, ఆయన రోజూ దగ్గుకుంటూ తవ్వుకుంటూ పోతున్నాడు. ఎంత దూరం పోతే నీళ్లు అంత కిందికి పోతాయి.

ఆ సాయంత్రమే చెప్పాను. శనగల గిన్నె ముందర పెట్టి చెప్పాను. ఆయన గిన్నె వైపు చూడలేదు.

"టేపు పట్టుకొని తిరిగే పిల్ల నాకు నీళ్ల సంగతి చెప్తదానే? నేను నీళ్లతోని బతికినోన్ని."

"గనిల నీళ్లు డిప్పుకు జారినయి, నిజమే. అక్కడ మీరు ముందే నీళ్ల నడుమకు దిగినరు. ఇక్కడ నీళ్లే దిగిపోయినయి. రెండు ఒకటి ఎట్లయితయి?"

"శనగలు వండు. ఆకలైతుంది."

మళ్లీ వచ్చినప్పుడు ఆ అమ్మాయి కూడా చెప్పింది. బావిలోకి వంగి, "తాతా, మీరు తవ్వే దిక్కు పోయినకొద్ది ఇంక లోతే. పైకి రాండ్రి, మీ పానం బాగలేదు," అంది. కింది నుంచి ఆయన, "మా మనుమరాలికి నెలలు నిండుతున్నయి బిడ్డ. మాట్లాడె టైం లేదు," అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను తట్ట ఎత్తుకొని మట్టి పారబోయడానికి పోయాను. ఏం చేయను? ఆయన్ను ఆపితే, ఇది మన బిడ్డ చేదిన బావి కాదా అని ఆయన కండ్లు నన్ను అడుగుతాయి. ఆపకపోతే ఆ దగ్గు.

గోదావరిఖని దవాఖానలో మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తీసుకొచ్చాం. సొరంగం నలుగురు మనుషులు వరుసగా పడుకునేంత పొడవైంది. దాంట్లో చెమ్మ కూడా తగలలేదు. పొడి ఇసుకరాయి రాలుతూనే ఉంది.

ఇరవై ఒకటో రోజు బావి పూజకు ముందు రోజు సాయంత్రం ఆయన స్నేహితుడు నీళ్ల ట్యాంకర్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు. ఏం చేయబోతున్నారో నాకు అర్థమైంది.

"బావిల పోస్తరా? నిలువయి," అన్నాను.

"రేపు పొద్దున దాక ఉంటే సాలు," అన్నాడు ఆయన.

"బావి కుండ కాదు నిలిచేటందుకు. కింద నీళ్లుంటేనే మీద నీళ్లుంటయి. రాయి గుంజుకుంటది."

"వదినా, ఒక్క రాత్రి ఫికర్ చెయ్యకు," అన్నాడు స్నేహితుడు.

"పోస్తే పొద్దున పొయ్యిండ్రి మరి. ఇప్పుడెందుకు?"

"బురద కలుస్తది. తేటపడాలె గద. పోరి బురద నీళ్లు చేదాల్నా?" ఆయన గొంతు పెద్దదైంది. నేను పక్కకు జరిగాను.

పైపు బావిలోకి వేశారు. నీళ్లు పడుతున్న చప్పుడు విని మనవరాలు పిల్లను ఎత్తుకొని గుమ్మంలోకి వచ్చింది. "తాతా, ఊట పడ్డదా?" అంది. ఆయన నా ముఖం కూడా చూడకుండా, "పడ్డది బిడ్డ," అన్నాడు.

తెల్లవారి నేను ముందుగా పోయి చూశాను. అడుగున తడి ఉంది. బావి గోడల మీద నీళ్లు నిలబడిన గీత ఉంది. నీళ్లు లేవు. రాయి తాగినంత తాగి, మిగిలినవి ఆ సొరంగంలోకి పోయి, అక్కడి నుంచి ఇంకిపోయినట్టున్నాయి. ఆయన తవ్విన దారే వాటిని తొందరగా తీసుకుపోయింది. వెనుక అడుగుల చప్పుడైంది. ఆయన నా పక్కన నిలబడి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నేను అంతకుముందు అన్న మాటలన్నీ ఆ బావిలోనే కనబడుతున్నాయి, కొత్తవి ఎందుకు?

"డ్రమ్ములకెళ్లి ఒక బిందె నీళ్లు ముంచు," అన్నాడు.

"దేనికి?"

"నేను దిగుత. బిందె తాడు కట్టి దింపు. బొక్కెన దిగినంక నేను పోస్త. నువ్వు మీద ఉండి ఎవ్వరిని వంగి సూడనియ్యకు."

వద్దని అనలేకపోయాను. ఆయన బావి గోడకున్న రాతిమెట్లు పట్టుకొని దిగాడు. నేను బిందె దింపాను. ఆయన దాన్ని పట్టుకొని సొరంగం నోట్లోకి జరిగి కనబడకుండా కూర్చున్నాడు.

మనవరాలి అత్త, వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. ఆ అత్త బావి దిక్కు చూసి, "మా దిక్కు నల్లా కాడనే పూజ చేసి అయిందనిపిస్తున్నం. మీకింక బాయిల నీళ్లున్నయా? అదృష్టవంతులు," అంది. నేను గట్టుకు అడ్డంగా నిలబడి, "వంగకుండ్రి, గట్టు వదులైంది," అని అందరినీ వెనక్కి జరిపాను.

మనవరాలు తలకు గుడ్డ చుట్టుకొని వచ్చింది. పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. బొక్కెన వదిలింది. తాడు పొడవునా దిగింది. కింద ఏదో చప్పుడైంది. ఇంతలో ఆ పిల్ల తాడును ఎడాపెడా గుంజడం మొదలుపెట్టింది. గిరక కీచుమని మోగింది.

"మెల్లగ గుంజవే, తాడు తెగుతది," అని కసిరాను. వినలేదు. ఇంకా గట్టిగా, ఇంకా మోతగా గుంజింది. బొక్కెన బరువుగా పైకి వచ్చింది. నిండా నీళ్లు. ఆడవాళ్లు సంతోషపడ్డారు. మనవరాలు నీళ్లలో చేయి పెట్టింది. బావి నీళ్లంటే చేయి జివ్వుమనాలి. రేకుల కింది డ్రమ్ము నీళ్లు పొద్దున్నే కూడా గోరువెచ్చగా ఉంటాయి. ఆ పిల్ల చేయి నీళ్లలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత కండ్లకద్దుకుంది. బొక్కెనలోని నీళ్లు చిన్న బిందెలోకి వంచుకొని, చంకన పెట్టుకొని, వెనక్కి చూడకుండా ఇంట్లోకి పోయింది.

గుడాలు తిని, మాటలు చెప్పుకొని అందరూ పోయేదాకా ఆయన పైకి రాలేదు. నేను పోయి పిలిచాను. కాసేపటికి చెక్కను గొడ్డలి వెనుక భాగంతో కొట్టిన చప్పుడు వినబడింది. ఒక దుంగ సొరంగంలోంచి బయటికి వచ్చి పడింది. తర్వాత ఇంకోటి.

"ఏం చేస్తున్నవయ్యా?"

"పని అయిపోయిన కాడ దుంగలు ఉంచరే. తీసుకుంట వెనకకు రావాలె. తాడు వెయ్యి, నీవి నీకు పంపుత."

లోపలి కొస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తీస్తూ వెనక్కి వచ్చాడు. నేను ఒక్కొక్కటే పైకి లాగి పెరట్లో పేర్చాను. ఆఖరి దుంగ తీసి ఆయన బావి నడుమకు రాగానే సొరంగం కప్పు కూలింది. పొడి ఇసుక పైదాకా లేచింది. ఆయన మెట్లు పట్టుకొని నిలబడి, ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా విని, అప్పుడు ఎక్కి వచ్చాడు.

గట్టు మీద కూర్చొని, హెల్మెట్ తీసి, "గా శనగల గిన్నెల నువ్వు గరిటెతోని తోడిన జాగ ఉంది గద," అన్నాడు. ఆ రోజు గిన్నె వైపు చూడలేదనుకున్నాను, చూశాడన్నమాట. "నేను అన్నేండ్లు కూసున్నది గసొంటి జాగలనే. గనిలకెళ్లి నేను పైకి నూకిన నీళ్లు ఏ ఊరి బాయిలయో."

అవును అనడానికి నాకు నోరు రాలేదు. కాదని ఆయనకు అబద్ధం చెప్పలేను. "నీ పని నువ్వు చేసినవు. నీళ్లు తోడకపోతే లోపల మనుషులు సచ్చేటోళ్లు," అన్నాను. అది నిజమే. ఆయన తల ఊపాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిన్నాడు.

ఆ తర్వాత ఆయన బావి దిక్కు పోలేదు. చలికాలం వచ్చేసరికి దగ్గు మంచం మీదికి తెచ్చింది. బడి పక్కన ఆ అమ్మాయి కొలవడానికి వచ్చిందని తెలిస్తే మాత్రం, "ఎంత కిందికి పోయినయో అడిగి రా," అని నన్ను పంపేవాడు. నేను అడిగి వచ్చి చెప్పేదాన్ని. విని గోడ దిక్కు తిరిగి పడుకునేవాడు. అట్లా ఒకరోజు గోడ దిక్కు తిరిగినవాడు మళ్లీ ఇటు తిరగలేదు. ఆయనకు ఆఖరి స్నానం డ్రమ్ము నీళ్లతోనే చేయించాం.

దినాలు అయిపోయాక మనవరాలు నా పక్కన కూర్చుని పిల్లకు పాలిస్తూ ఉంది. ఉన్నట్టుండి, "అవ్వా, బాయి పూజ రోజు నేను గిరక గట్టిగ గుంజినందుకు తిట్టినవు, యాదికున్నదా?" అంది.

"ఉన్నది. కొత్త తాడు."

"కింద తాత దగ్గిండు. నేను విన్న. మా అత్తకు వినపడ్తదని గిరకను మోగించిన."

నా చేతిలోని చాటలో బియ్యం ఉన్నాయి. రాళ్లు ఏరుతున్నదాన్ని ఆగిపోయాను.

"నాకు తెల్సిందన్న సంగతి తాతకు తెల్సా?"

"తెల్వదు," అన్నాను. "నువ్వు నిజంగ ఊట నీళ్లే అనుకున్నవని, గదొక్కటన్న అయిందని, మంచాన పడ్డంక నాతోని రెండు మూడు సార్లు అన్నడు."

ఆ పిల్ల ఏడ్చింది. ఏడవొద్దని, పాలు పడవని కసిరాను. కసిరి, చాట కింద పెట్టి, పెరట్లోకి పోయాను.